మీట మీద చెయ్యి

రేడియోలో కోప్పడతానని నా మీద ఎప్పటి నుంచో ఫిర్యాదు ఉంది. ఉండనీయండి. కర్నూలులో మా 'తీరం రేడియో'లో ప్రతి ఆదివారం పొద్దున వచ్చే 'ఆటవిడుపు' కార్యక్రమం నాది. అంతరిక్ష నౌకల నుంచి జొన్నరొట్టెల దాకా, తోలుబొమ్మలాట నుంచి మునిసిపాలిటీ మురుగు కాలవల దాకా అందులో మాట్లాడని విషయం లేదు. శాస్త్రవేత్త వస్తే మామూలు మాటల్లో చెప్పేదాకా వదలను. అధికారి వస్తే నీళ్లు నమిలిస్తాను. జనం నన్ను తిట్టుకుంటూనే విన్నారు, వింటూనే తిట్టుకున్నారు.

అలాంటి నా గొంతుతో, భ్రమరాంబ అనే నా పేరుతో, నేను అనని మాటను ఒక పెట్టె ఇంటింటికీ చెప్పింది. ఆ మాట నమ్మినందుకు మా అక్క మనవడి పెదాలు నల్లబడ్డాయి. జరిగింది చెబుతాను. చల్లగా చెప్పడం మాత్రం నా వల్ల కాదు.

పెట్టె పేరు 'మనమాట'. తయారు చేసినవాడు ప్రద్యుమ్న అని ఒక ఇంజనీరు. మనిషి నెమ్మది, ఎదుటివాళ్ల మొహం చూసి మాట్లాడడం తక్కువ. ఒకరోజు స్టూడియో బల్ల మీద మూడు పెట్టెలు పేర్చి, "మేడమ్, మైకులో ఏదైనా ఒక వార్త చెప్పండి" అన్నాడు.

"ఈ సంవత్సరం వానలు ఆలస్యంగా వస్తాయని వాతావరణ శాఖ చెబుతోంది" అన్నాను.

ఒక్క క్షణం ఆగి మొదటి పెట్టె మాట్లాడింది. గొంతు నాదే. "ఈయేడు వానలు ఆలస్యమైపోతాయట, వాతావరణమోలు సెప్తన్నారు" అంది. అది శ్రీకాకుళం. రెండోది "ఈసారి వానలు ఆలస్యంగ వస్తయంట, వాతావరణమోళ్లు చెప్తున్నరు" అంది. అది వరంగల్లు. మూడోది గొంతు విప్పేసరికి నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. "ఈ ఏడు వానలు లేటుగా వస్తాయంట, వాతావరణమోళ్లు చెప్తాండారు."

అది ఆదోని మాట. మా అమ్మ మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట మాట్లాడితే పక్కగదిలో నవ్వేవారు. పట్టుదలకు పోయి రేడియో భాష నేర్చుకున్నాను. అది నాలుకకు ఎంతగా అంటుకుపోయిందంటే ఇంటికి వెళ్లినా వదల్లేదు. ఇన్నేళ్ల తర్వాత నా గొంతులోంచి అమ్మ మాట వినబడితే కళ్లు చెమర్చాయి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పెట్టె ఇంట్లో ఒక మూల కూర్చుని ఆ ఇంటివాళ్లు ఎలా మాట్లాడుకుంటారో వింటుంది. ఆ తర్వాత మా కార్యక్రమాన్ని ఆ ఇంటి మాటలోకి తిప్పి, మా గొంతుతోనే వినిపిస్తుంది. దానికి పట్టేది కొన్ని క్షణాలే. ఎంత మంచి ఆలోచన. ఊరూరా పంచిపెట్టారు. జనం ఎగబడి తీసుకున్నారు.

ఇక్కడ మా రేడియోవాళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. స్టూడియోలో మా చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోన్లలో వినబడేది మైకు దగ్గరి మాట. బయట జనానికి ఏం వినబడుతోందో అది చెప్పదు. అందుకని ప్రతి స్టేషన్లోనూ డ్యూటీ రూములో ఒక మామూలు రేడియో పెట్టి, జనం వినేదాన్నే ఒక మనిషి వింటూ కూర్చుంటాడు. తేడా వస్తే పరిగెత్తుకొస్తాడు. మా దగ్గర ఆ రేడియో స్థానంలో కూడా మనమాట పెట్టెనే పెట్టారు. అది కొన్ని క్షణాలు వెనకబడి పలికేది. స్టూడియో తలుపు తెరిస్తే నా మాట రెండుసార్లు వినబడి తల తిరిగేది. మా డైరెక్టరు నటశేఖర్ గారు దాన్ని తీయించి అల్మారాలో పెట్టించారు. హమ్మయ్య అనుకున్నాం అందరం. అప్పటి నుంచి మా రేడియో స్టేషన్లో రేడియో వినే మనిషి లేడు.

మా అక్క ఈశ్వరమ్మది రాళ్లవాగు కాలనీ. ఊరి చివర, ఎరువుల గోడౌన్ల వెనక. కుళాయి నీళ్లు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి కనుక కాలనీ అంతా బోరు నీళ్ల మీదే బతుకుతుంది. అక్క కూతురు హైమ కాన్పుకు వచ్చి, మగబిడ్డను కని, పుట్టింట్లోనే ఉంది. పాలు చాలక డబ్బాపాలు పడుతున్నారు. వంటింట్లో పోపుల డబ్బా పక్కన మనమాట పెట్టె ఉంది. నేను వెళ్లేసరికి అక్క దాని మీద దుమ్ము తుడుస్తోంది.

"నువ్వు ఇంటికొస్తే టీవీలో వార్తలు చదివినట్ల మాట్లాడతావు" అంది. "పెట్టెలో మాత్రం అమ్మ మాట్లాడినట్ల మాట్లాడతావు. నాకు ఆ బ్రమరే నచ్చింది."

"అయితే కాఫీ దానికే ఇవ్వు."

"ఇస్తా. అది నా మింద కస్సుమనదు. పెట్టెలో నీ కోపం గూడ శానా తగ్గిపోయిందే. సల్లగా చెప్తావు."

హైమ పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. నా కోపం ఎక్కడికి పోయిందని ఎవరం అడగలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఆటవిడుపులోకి డాక్టర్ సాజిదాను పిలిచాను. భూగర్భ జలాల మీద పనిచేసే రసాయన శాస్త్రవేత్త. రాళ్లవాగు బోర్ల నీళ్లు పరీక్ష చేసింది ఆమే. గోడౌన్లలోంచి ఎరువులు నేలలోకి ఇంకి, బోర్లలో నైట్రేట్ విపరీతంగా పెరిగిందని తేల్చింది. మునిసిపాలిటీకి చెబితే పరిశీలిస్తామన్నారట. వాళ్లు పరిశీలించేలోపు పిల్లలు ఏం తాగాలో మాత్రం చెప్పలేదు.

"పెద్దవాళ్లు కొంత తట్టుకుంటారు" అంది సాజిదా మైకులో. "పసిబిడ్డలు తట్టుకోలేరు. ఆ నీళ్లతో డబ్బాపాలు కలపొద్దు. మరిగించినా వద్దు. మరిగిస్తే నీళ్లు ఆవిరైపోతాయి, నైట్రేట్ అక్కడే ఉండి ఇంకా చిక్కబడుతుంది."

"మళ్లీ చెప్పండి" అన్నాను.

"మరిగించిన కొద్దీ ప్రమాదం ఎక్కువ."

నేను ఊరుకోలేదు. రాళ్లవాగు పేరు పెట్టి, బిడ్డల తల్లులారా అని పిలిచి, ట్యాంకరు నీళ్లో క్యాను నీళ్లో తెచ్చుకోమని చెప్పాను. తెచ్చుకునే స్థితిలో జనాన్ని ఉంచని మునిసిపాలిటీని నోటికొచ్చినట్టు కడిగేశాను. హెడ్‌ఫోన్లలో నా మాట నాకు ఖణేల్మని వినిపించింది. బయటికొచ్చి సాజిదాతో టీ తాగాను. ఫోన్ల మీద ఫోన్లు. భలే చెప్పారని ఊరి నలుమూలల నుంచీ మెచ్చుకున్నారు. అక్కకు వేరే ఫోన్ చేసి చెప్పాలని నాకు తట్టలేదు. అక్క నా కార్యక్రమం ఒక్కటీ వదలదు కదా.

ఆ వారంలోనే హైమ ఏడుస్తూ ఫోన్ చేసింది. బిడ్డ పాలు తాగడం లేదు, ఒళ్లు వేలాడేసింది, పెదాలు నేరేడు పండు తిన్నట్టు నల్లగా అయ్యాయి. నేను పెద్దాసుపత్రికి వెళ్లేసరికి డాక్టరమ్మ సిరంజిలో తీసిన రక్తాన్ని నర్సుకు చూపిస్తోంది. అది ఎర్రగా లేదు. చాక్లెట్ రంగులో ఉంది.

"ఏ నీళ్లతో కలుపుతున్నారు పాలు?" అని అడిగింది.

"బోరు నీళ్లే మేడమ్" అంది అక్క. "శానాసేపు మరిగించే కలుపుతాండాం. రోజూ ఇంగా ఎక్కువసేపు మరిగిస్తాండాం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆసుపత్రి అని కూడా చూడలేదు. "అక్కా, నేను గొంతు చించుకుని చెప్పానే ఆదివారం. మరిగించినా పట్టొద్దని చెప్పానా లేదా?"

అక్క నా వైపు చూసిన చూపు చచ్చేదాకా మరిచిపోలేను.

"నువ్వే గదే మరిగించి తాపమనింది" అంది. "నీ మాటినే నేను అంతసేపు కాచింది."

బిడ్డకు సూదిమందు ఎక్కించారు. ఆ మందు ముదురు నీలంగా ఉంటుంది. నరంలోకి అది దిగుతుంటే హైమ గోడకు తల ఆనించి నిలబడింది. అదే వార్డులో రాళ్లవాగు నుంచే వచ్చిన ఇంకో బిడ్డ ఉన్నాడు, రెండో లైనువాళ్ల అబ్బాయి. ఆలస్యంగా తెచ్చారు. వాడు ఇంటికి వెళ్లలేదు. వాడి తల్లి దగ్గర పాలసీసా ఇంకా బట్టలో చుట్టి ఉంది, చల్లారకుండా.

అక్క ఇంటి తాళాలు తీసుకుని నేను నేరుగా రాళ్లవాగు వెళ్లాను. పోయిన కార్యక్రమం మళ్లీ వినాలంటే పెట్టెకు పక్కన చిన్న మీట ఒకటి ఉంటుంది. నొక్కాను. సాజిదా మాట మొదలైంది, అక్క వాళ్ల యాసలో. పసిబిడ్డలు తట్టుకోలేరు అన్నంతవరకూ సరిగ్గానే ఉంది. తర్వాత నా గొంతు వచ్చింది. ఎంత తియ్యగా వచ్చిందో.

"దిగులు పడాల్సిన పనేం లేదమ్మా. నీళ్లు బాగా మరిగించి, సల్లార్చి, బిడ్డలకు తాపండి. ఎంత మరిగిస్తే అంత మంచిది. నేనుండా గదా."

పెట్టెను చంకన పెట్టుకుని ఆటో ఎక్కాను.

నటశేఖర్ గారి గదిలో బల్ల మీద దాన్ని పెట్టి మీట నొక్కాను. ఆయన విన్నారు. ప్రద్యుమ్న విన్నాడు.

"ఎక్కడిది ఈ మాట?" అన్నాను. "నేను అనలేదు. సాజిదా అనలేదు. ఎవరన్నారు?"

"పెట్టె మేడమ్" అన్నాడు ప్రద్యుమ్న. "కట్టేయడానికి మీట మీద చెయ్యి వేస్తే దానికి తెలుస్తుంది. అక్కడ మాట కొంచెం మార్చి చూస్తుంది. చెయ్యి వెనక్కి పోతే ఆ మాట మంచిదని నేర్చుకుంటుంది. మొదట కోపం తీసేసింది. కోపం వినబడితే చాలామంది కట్టేస్తారు. తర్వాత భయం."

"అలా నేర్చుకోమని ఎవరు చెప్పారు?"

అతను నటశేఖర్ గారి వైపు చూశాడు. "వినేవాళ్లు జారిపోకుండా చూడమన్నారు. అబద్ధం చెప్పమని ఎవరూ అనలేదు. దానికి నిజం, అబద్ధం తెలియవు మేడమ్. చెయ్యి ఒక్కటే తెలుసు. జనం నోట ఎప్పుడూ విన్న మాట మరిగించి తాగమనే. అందుకని అదే అందుకుంది."

"ఎన్ని ఇళ్లలో?"

అతను కంప్యూటరులో ఊరి పటం తెరిచాడు. మాట మారిన ఇళ్లు ఎర్రగా కనబడతాయన్నాడు. ఊరంతా పచ్చగా ఉంది. రాళ్లవాగు ఒక్కటే ఎర్రగా ఉంది, దాదాపు ప్రతి ఇల్లూ. అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఆ నీళ్లతో సంబంధం లేనివాళ్లంతా హెచ్చరికను పొల్లు పోకుండా విన్నారు. వినడానికి బాగుంది కనుక చెయ్యి కదపలేదు. మెచ్చుకుంటూ ఫోన్లు చేసినవాళ్లు వాళ్లే. రాళ్లవాగువాళ్లకు అది తమ ఇంటి నీళ్ల సంగతి. గుండె గుభేలుమని మీట మీద చెయ్యి వేశారు. వాళ్లకే పెట్టె జోలపాట పాడింది.

"చాలా విచారకరం" అన్నారు నటశేఖర్ గారు. "ఆదివారం సవరణ చదువుదాం."

"దేంట్లోంచి వెళ్తుంది ఆ సవరణ?"

నేను స్టూడియోలోకి వెళ్లి మైకు ముందు కూర్చున్నాను. అక్క పెట్టెను గాజు అద్దానికి అవతల పెట్టించాను. "రాళ్లవాగు బోరు నీళ్ల వల్ల ఒక బిడ్డ చనిపోయాడు. ఆ నీళ్లు మరిగించి కూడా పసిబిడ్డలకు పట్టవద్దు" అన్నాను. ప్రద్యుమ్న కట్టేసే మీట మీద చెయ్యి పెట్టాడు, భయపడిన తల్లి పెట్టినట్టు. ఈసారి హెడ్‌ఫోన్లు తీసేసి, తలుపు తెరిపించి, జనం వినేదాన్నే విన్నాను.

"నీళ్ల గురించి ఎవరెవరో ఏమేమో అంటాండారమ్మా. మీరేం మనసులో పెట్టుకోవద్దండి. బాగా మరిగించుకోండి."

చనిపోయిన బిడ్డ ఆ మాటల్లో ఎక్కడా లేడు. ఒకసారి చచ్చింది చాలదని వాణ్ని ఇంకోసారి చంపేసింది పెట్టె.

"ఆపేయండి" అన్నాను. "అన్నీ ఆపేయండి. ఇప్పుడే."

"అన్ని ఇళ్లలో రేడియో మూగబోతే మన స్టేషన్ మూతపడినట్టే భ్రమరాంబ గారూ" అన్నారు నటశేఖర్ గారు. "ప్రద్యుమ్న సరిచేస్తాడు. కొంత సమయం పడుతుంది."

"ఆ సమయమంతా పిల్లలు పాలు తాగకుండా ఉంటారా?"

"మీరు ఉద్రేకంలో ఉన్నారు. ఈ ఆదివారం విశ్రాంతి తీసుకోండి. కార్యక్రమానికేం ఇబ్బంది లేదు. మీ గొంతు మా దగ్గర ఉంది కదా."

ఆయన ఆ మాట బెదిరింపుగా అనలేదు. నాకు సాయం చేస్తున్నట్టే అన్నారు. మనిషిని పక్కనపెట్టి గొంతును ఉంచుకోవచ్చని అంత మర్యాదగా చెప్పగలిగిన మనిషికి జవాబు చెప్పి నా నోరు పాడుచేసుకోదలచుకోలేదు. బయటికొచ్చి సాజిదాకు ఫోన్ చేశాను.

ఆదివారం పొద్దున, నా కార్యక్రమం వచ్చే వేళకే, మేమిద్దరం మైకు కట్టిన ఆటోలో రాళ్లవాగులోకి దిగాం. సాజిదా ఒక లైను పట్టింది. నేను చేతి మైకు తీసుకుని రెండో లైనులోకి నడిచాను. ప్రతి వంటింట్లోంచీ ఆటవిడుపు వినబడుతోంది. నేను లేని ఆటవిడుపు. సందు పొడుగునా నా గొంతే తియ్యతియ్యగా మాట్లాడుతోంది.

"దయచేసి వినండి. ఈ బోరు నీళ్లు పసిబిడ్డలకు పట్టవద్దు. మరిగించి కూడా పట్టవద్దు" అని చెబుతూ పోయాను. కొందరు తొంగి చూశారు. చాలామంది తలుపు దగ్గరికి కూడా రాలేదు. మూలఇంటి గడపలో ఒక పెద్దావిడ చంకన చంటిపిల్లతో నిలబడి ఉంది. పక్కింటామె సుంకులమ్మా అని పిలవడం విన్నాను. ఆమె వెనక స్టవ్ మీద గిన్నెలో నీళ్లు తెర్లుతున్నాయి.

"సుంకులమ్మ గారూ, ఆ నీళ్లు పాపకేనా?"

"అవును. ఎవరు మీరు?"

"నేను భ్రమరాంబను. రేడియోలో మాట్లాడతాను. దయచేసి ఆ నీళ్లు పాపకు పట్టకండి."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి నవ్వింది. "రేడియో బ్రమరాంబ మా ఇంట్లో మాట్లాడతాంది. విను. ఆమె మా మాదిరే మాట్లాడతాది. నీ మాదిరి కాదు. మరిగించి తాపమని ఆమే చెప్పింది. నిన్ను నమ్మల్నా, ఆమెను నమ్మల్నా?"

లోపల్నుంచి నా గొంతు వచ్చింది. "ఏం దిగుల్లేదమ్మా. నేనుండా గదా."

అంతే. ఇన్నేళ్లు నేర్చుకున్న భాష నాలుక మీంచి జారిపోయింది.

"యాడుందది?" అని అరిచాను. "యాడుందంట? పెద్దాసుపత్రికి వచ్చిందా అది? మీ లైన్లోనే ఒక పిల్లోడు పోయినాడు. పెదాలు నల్లంగయి, ఊపిరాడక పోయినాడు. వాళ్లమ్మ చేతిలో పాలసీసా ఉండాది ఇంగా. నా అక్క మనవనికి నరంలో సూది గుచ్చుకోని పండబెట్టినారు. నేను వద్దు వద్దని అరిస్తే, నా గొంతే దొంగిలించి, కాచి పొయ్యండని చెప్పిందే ఆ పెట్టె. దానికి బిడ్డలుండారా? సచ్చేది యెవురు, అదా మీరా? ఏమ్మే, మతి ఉండాదా నీకు? కండ్లు తెరిసి లోకం గూడ సూడని బిడ్డకు ఇసం కాచి పోస్తాండావు. పొయ్. ఆ గిన్నె ఎత్తి నా నెత్తిన పొయ్, బిడ్డకు మాత్రం పొయ్యాకు."

చేతిలో మైకు ఉన్న సంగతి మరిచిపోయాను. నా అరుపులు సందంతా మోగాయి. తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. సుంకులమ్మ నవ్వు ఆగిపోయింది. నన్ను చూసింది. తర్వాత లోపలి పెట్టె వైపు చూసింది.

"అది ఎన్నడూ నన్ను ఇట్ల తిట్టలేదు" అంది మెల్లగా. "ఏం జేసినా సల్లంగనే మాట్లాడతాది. నా సొంత మనిషి ఎవురన్నా అట్లుంటారా?"

చంటిదాన్ని నా చేతుల్లో పెట్టి లోపలికి వెళ్లింది. ముందు స్టవ్ ఆర్పింది. తర్వాత పెట్టె ఉన్న అలమర దగ్గరికి వెళ్లి మీట మీద చెయ్యి వేసింది. చెయ్యి తగలగానే పెట్టె మాట మార్చింది.

"ఉండమ్మా, ఉండు" అంది నా గొంతుతో, బతిమాలుతున్నట్టు. "నీకిష్టమైన పాట వేస్తా."

సుంకులమ్మ కట్టేసింది.